కొత్త కారు మొరాయిస్తోంది, షోరూం వాళ్లు "నార్మలే" అంటున్నారు: ఏం చేయాలి?

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కొత్త కారు కొన్నవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది: "ఇంజిన్‌లో ఏదో తేడాగా ఉంది, తీసుకెళ్లి చూపిస్తే అంతా బాగానే ఉంది పొమ్మంటున్నారు." ఇక్కడ సమస్యలు రెండు. ఇంజిన్‌లో ఏం జరుగుతోందో తెలుసుకోవడం ఒకటి, ఆ లోపం ఉందని కంపెనీ చేత ఒప్పించడం ఇంకొకటి. రెండోదానికి కావాల్సిన ఆధారం మొదటి పనిలోనే దొరుకుతుంది. అందుకే లక్షణం కనిపించిన రోజు నుంచే రాసిపెట్టుకోండి. తేదీ, మీటరులో కిలోమీటర్లు, ఇంజిన్ చల్లగా ఉందా వేడెక్కి ఉందా, ఏసీ వేశారా, ఏ గేరు, ఎంత స్పీడు, చివరిసారి ఏ బంకులో కొట్టించారు, ఇవన్నీ ఉండాలి. వీలైతే ఫోన్లో వీడియో తీయండి, మీటరు కూడా కనిపించేలా.

"బండి ఆగిపోతోంది" అంటే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు. "బండి వేడెక్కాక, ఏసీ వేసి, సెకండ్ గేరులో స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడే ఆగుతోంది, పొద్దున పూట ఆగదు" అంటే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోయినట్టే.

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది

పసుపు రంగులో నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే కంగారు అక్కర్లేదు. మెల్లగా సర్వీస్ సెంటర్‌కి వెళ్లొచ్చు. అదే లైటు మిణుకు మిణుకుమంటూ ఇంజిన్ వణుకుతుంటే మాత్రం ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండటం లేదని అర్థం. కాలకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. అది ఖరీదైన భాగం. పక్కకు ఆపి రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేయడమే మేలు. ఆయిల్ గుర్తు గానీ, టెంపరేచర్ గుర్తు గానీ ఎరుపులో వెలిగితే ఇంకో కిలోమీటరు కూడా నడపకండి.

సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టగానే కోడ్ వస్తుంది. పీ 0300 అంటే సిలిండర్లు మిస్ కొడుతున్నాయని, అంటే సరిగ్గా మండటం లేదని, పీ 0171 అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతోందని, పీ 0087 అంటే ఇంజెక్టర్లకు ఇంధనం అందించే గొట్టంలో (ఇంధన రైల్‌లో) ప్రెషర్ పడిపోతోందని. కోడ్ చూసి వెంటనే పార్టు మార్చడం కుదరదు. మిస్ కొట్టడానికి స్పార్క్ ప్లగ్ కారణం కావచ్చు, ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి చూస్తే లోపం కూడా దాంతోపాటే పక్కకు వెళ్లిందా లేదా తేలిపోతుంది. ఇది ఓపికగా చేయాల్సిన పని. చాలాచోట్ల అది చేయకుండా కోడ్ చెరిపేసి, లైటు ఆర్పేసి, బండి చేతికిస్తున్నారు.

లైటు ఆరినంత మాత్రాన రిపేరు అయినట్టు కాదు. కోడ్ చెరపకముందే స్కానర్ తెరను ఫోటో తీసుకోండి. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ స్పీడు, వేడి, లోడు ఎంత ఉన్నాయో కంప్యూటర్ దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా అంటారు, అది కూడా అడగండి. కోడ్‌తో పాటు అదీ చెరిగిపోతుంది. బ్యాటరీ వైరు పీకేసినా పోవచ్చు కాబట్టి బయట షెడ్డులో ఎవరైనా "ఒకసారి బ్యాటరీ తీసి పెడదాం" అంటే ఒప్పుకోకండి.

పికప్ లేదు, జర్కులు కొడుతోంది

ముందు చవకైన కారణాలు చూడాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు రోజూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగదు. రాతి పొడి అంత మెత్తగా ఉంటుంది. పెద్ద సర్వీసు మాన్యువల్స్‌లో "దుమ్ము ప్రాంతాల్లో ముందుగానే మార్చాలి" అని ఉంటుంది, కానీ ఎవరూ చెప్పరు. ఫిల్టర్ తెరిచి చూడటానికి పెద్దగా టైమ్ పట్టదు.

తర్వాత పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుగుకి చేరతాయి. వానాకాలంలో ఒక బంకులో కొట్టించిన వెంటనే జర్కులు మొదలైతే ఈ అనుమానం సరైనదే. బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. కాగితం మీద వేసిన చుక్క మరక లేకుండా ఆరిపోవాలి. కానీ నీరు కలిసిందో లేదో ఈ పరీక్షతో తేలదు, దానికి ట్యాంకు అడుగు నుంచి శాంపిల్ తీయాల్సిందే.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి ఒకటుంది. "పెట్రోలు కల్తీ సార్, మాకు సంబంధం లేదు" అనడం షోరూం వాళ్లకు తేలికైన దారి. ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. శాంపిల్ ఎక్కడ తీశారు, ఏ పరీక్ష చేశారు అని అడగండి. రెండు మూడు వేర్వేరు బంకుల్లో కొట్టించినా జర్కులు పోకపోతే ఆ వాదన నిలవదు, బిల్లులు దాచుకోండి.

డీజిల్ బండి: డీపీఎఫ్ లైటు పదే పదే వస్తోంది

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) తప్పనిసరిగా కనిపిస్తోంది. పట్టిన మసిని అదే అప్పుడప్పుడు కాల్చుకోవాలి. దానికి 600 డిగ్రీల దరిదాపు వేడి కావాలి. ఒంగోలులో ఇంటి నుంచి కర్నూలు రోడ్డుకి, అక్కడి నుంచి ఇంటికి తిరిగే బండికి ఆ వేడి ఎప్పటికీ రాదు. లైటు వెలిగిన తొలి దశలోనే హైవే ఎక్కి, ఇంజిన్ 2000 ఆర్‌పీఎంకి తగ్గకుండా అరగంట నడిపితే చాలాసార్లు ఆరిపోతుంది. నెల్లూరు నుంచి కావలి దాకా ఎన్‌హెచ్ 16 మీద ఒక విడత వెళ్తే చాలు.

ఫిల్టర్ మసిని కాల్చుకుంటున్నప్పుడు ఐడ్లింగ్ కాస్త పెరుగుతుంది, ఆపాక కూడా ఫ్యాను తిరుగుతుంటుంది, కాలిన వాసన వస్తుంది. అది లోపం కాదు. మధ్యలో ఆపేయడం అలవాటైతే మాత్రం కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి, ఆయిల్ మట్టం పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద గరిష్ఠ గీత దాటితే ఆయిల్ మార్చాల్సిందే.

హైవే మీద రోజూ తిరిగే బండికి కూడా లైటు వస్తోందా? అప్పుడు "మీరు నడిపే తీరు బాలేదు" అన్న జవాబు ఒప్పుకోకండి. ప్రెషర్ సెన్సార్, ఇంజెక్టర్, ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), టర్బో హోస్ లీకేజీ పరీక్షించమనండి. మీ ప్రయాణాల ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ దీనికి మంచి రుజువు.

బండి హీట్ ఎక్కుతోంది

మే నెల ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టుకుని వెళ్లినా కొత్త కారు హీట్ ఎక్కకూడదు. "రోహిణి కార్తె కదా సార్" అనడం జవాబు కాదు. ఆగి, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకు మూత తీయాలి. వేడిమీద తీస్తే ఆవిరి ముఖాన కొడుతుంది. కూలెంట్ మట్టం చల్లారాక రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే ఎక్కడికో పోతున్నట్టే. హోస్ క్లిప్పు వదులు, వాటర్ పంప్ సీలు, మూత సరిగ్గా బిగియకపోవడం చిన్న కారణాలు. బయట ఎక్కడా తడి లేకుండా మట్టం తగ్గుతూ, కూలెంట్ ట్యాంకులో బుడగలు, సైలెన్సర్‌లో తియ్యటి వాసనతో తెల్లపొగ, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారడం కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానించాలి. ప్రెషర్ టెస్ట్ చేస్తే తేలుతుంది.

కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. దారిలో కూలెంట్ బదులు ఆ నీళ్లే తప్పక పోయాల్సి వచ్చినా, తర్వాత మొత్తం కడిగించి కంపెనీ చెప్పిన కూలెంటే నింపించండి.

నీళ్లలో ఆగిపోయింది

నెల్లూరులో పెద్దవాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్‌బ్రిడ్జీల్లో నీళ్లు నిలుస్తాయి. అక్కడ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లోకి నీరు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇది వారంటీలోకి రాదు. మామూలు ఇన్సూరెన్స్‌లో కూడా ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ లేకపోతే డబ్బు రావడం కష్టం. పొలాల పక్కన పెట్టే బండ్లలో ఎలుకలు వైర్లు కొరకడం కూడా ఇంతే, వారంటీ ఇవ్వరు.

"నార్మలే సార్, ఈ మోడల్ ఇంతే"

ఇక్కడి నుంచి లోపం ఇంజిన్‌ది కాదు, సర్వీసుది. దీనికీ కారణాలు ఉంటాయి. వారంటీ పనికి కంపెనీ నుంచి డబ్బు రావాలంటే డీలర్ లోపాన్ని నిరూపించాలి. నిరూపించడానికి టైమ్ పడుతుంది, ఆ టైమ్‌లో నాలుగు మామూలు సర్వీసులు చేసుకోవచ్చు. అప్పుడప్పుడు వచ్చే లోపం వాళ్లకు దొరకకపోవడం కూడా నిజమే.

మందు ఏమిటంటే, సర్వీస్ అడ్వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. షోరూం చుట్టూ ఒక రౌండు వేస్తే ఏమీ తెలియదు. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడే పవర్ పోతుంటే, నలుగురిని కూర్చోబెట్టుకుని ఎత్తు మీదే చూపించాలి. అంత దూరం రాలేమంటే, ప్రయాణంలో డేటా రికార్డు చేసే పరికరం బండికి పెట్టమనండి. అదే మోడల్ ఇంకో బండిని ఇచ్చి పోల్చి చూపమనడం కూడా న్యాయమైన కోరికే. అందులో ఆ శబ్దం లేకపోతే "ఈ మోడల్ ఇంతే" అన్న మాట అక్కడికక్కడే పోతుంది.

జాబ్ కార్డులో మీ మాట లేదు

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మీరు "వేడెక్కాక ఆగిపోతోంది" అని చెప్తే, అక్కడ "జనరల్ చెకప్" అని రాస్తారు. ఏడాది తర్వాత చూస్తే మీరు ఎప్పుడూ ఫిర్యాదే చేయనట్టు ఉంటుంది. సంతకం పెట్టేముందు చదవండి. మీ మాటల్లోనే రాయించండి. రాయకపోతే సంతకం పైన పెన్నుతో మీరే రాయండి, ఫోటో తీసుకోండి, అదే రోజు డీలర్‌కీ కంపెనీకీ ఈమెయిల్ పెట్టండి. తిరిగి ఇచ్చేటప్పుడు "పని సంతృప్తికరం" అన్న చోట సంతకం అడిగితే, "లోపం ఇంకా ఉంది" అని రాసి పెట్టండి. పదికి పది ఫీడ్‌బ్యాక్ ఇవ్వమని బతిమాలితే పాపం అనిపిస్తుంది, ఆ కుర్రాడి జీతం దానిమీదే ఆధారపడి ఉండొచ్చు. అయినా బాగుకాని బండికి బాగైందని మీరే రాసివ్వొద్దు.

"వారంటీ వర్తించదు" అంటే ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. బయట గ్యాస్ కిట్టు పెట్టించినా, లైట్లకూ హారన్‌కూ వైర్లు కోసి కలిపినా వాళ్ల చేతికి సాకు దొరికినట్టే. "పార్టు ఆర్డర్ పెట్టాం" అంటే తేదీ మెయిల్‌లో రావాలి. కస్టమర్ కేర్‌లో ప్రతి ఫోన్‌కీ ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఏరియా సర్వీస్ మేనేజర్ పేరు, ఆయన బండి చూసే రోజు అడగండి. బండి మోడల్‌కి రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) ఉందేమో ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడటం కూడా మరవకండి.

అన్నీ చేసినా కదలిక లేదు

ముందు 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. కొన్ని కంపెనీలు అక్కడి నుంచి ఫిర్యాదు వస్తేనే కదులుతాయి. అక్కడా తేలకపోతే డీలర్‌కీ కంపెనీకీ ఇద్దరికీ నోటీసు పంపి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. కనిగిరి మనిషి చెన్నైలో కారు కొన్నా చెన్నై తిరగక్కర్లేదు. చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. ఫీజు 5 నుంచి 10 లక్షల కారుకి 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. లాయరు తప్పనిసరి కాదు. గడువు సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు, "చూద్దాం సార్" అన్న మాటలు నమ్మి దాన్ని దాటబెట్టొద్దు.

ఏం కోరాలో కూడా తెలిసి వెళ్లాలి. లోపం ఉన్నది ఒక పార్టులో అయితే ఆ పార్టు మార్చడమే తప్ప కారంతా మార్చమనలేమని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజిన్ శబ్దం గురించిన ఇంకో కేసులో 2010లో అదే కోర్టు, స్వతంత్ర నిపుణుడితో పరీక్ష చేయించాలని, తయారీ లోపం తేలితే ధర వడ్డీతో సహా తిరిగివ్వాలని ఆదేశించింది. కాబట్టి ఫిర్యాదులోనే నిపుణుడితో పరీక్ష చేయించమని అడగండి. ముందు ఉచిత మరమ్మతు, అది కాకపోతే ఇంజిన్ మార్పిడి, అదీ కాకపోతే డబ్బు వాపసు అని వరసగా కోరండి. జాబ్ కార్డులు, మెయిళ్లు, ఫోటోలు తేదీల ప్రకారం పేర్చి జత చేయండి.

కేసు నడుస్తున్నా ఈఎంఐ ఆపొద్దు. బ్యాంకుకీ ఈ గొడవకీ సంబంధం లేదు, సిబిల్ స్కోరు దెబ్బతినేది మీదే. సర్వీసులు గడువుకే చేయించండి, మార్చిన పాత పార్టును చూపించమని అడిగి ఫోటో తీసుకోండి. పరీక్ష పూర్తయ్యేదాకా ఇంజిన్‌ను బయట ఎవరిచేతా విప్పించకండి.