ఉత్తరాది యాత్ర మనమే ప్లాన్ చేసుకుందాం – 3వ పాఠం: తేదీలు వేయడం

పోయిన పాఠంలో ఊళ్లు వరసగా రాయమంటే చాలామంది కాశీ, ప్రయాగ, అయోధ్య, ఆగ్రా, మథుర, ఢిల్లీ, హరిద్వార్, అమృత్‌సర్ అన్నీ ఎనిమిది రోజుల్లో ఇరికించి పంపారు. వరస బాగానే ఉంది, తేడా అంతా లెక్కలో వచ్చింది. మీరు రోజులు లెక్కపెట్టారు, లెక్కపెట్టాల్సింది రాత్రులు. "మూడో రోజు ప్రయాగ" అని రాసుకుంటే ఆ పొద్దున ఎక్కడ లేస్తారో, రాత్రి ఎక్కడ పడుకుంటారో తెలియదు, అవి తెలియకుండా రైలూ చూడలేం, రూమూ చూడలేం.

ఆ కాగితం పక్కన పెట్టేయండి. కొత్త కాగితం మీద తేదీ, వారం, ఆ రాత్రి నిద్ర ఏ ఊళ్లో, ఈ మూడే రాయండి. రైల్లో గడిచే రాత్రికి 'రైలు' అని రాయండి. కాశీలో మూడు నిద్రలు చేయాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటే ముందు ఆ మూడూ నింపేసి, మిగిలిన రాత్రుల్లోనే తక్కిన ఊళ్లు సర్దండి. నేనైతే ప్రయాగకు విడిగా రాత్రి ఇవ్వను. కాశీ నుంచి సుమారు 120 కిలోమీటర్లే కాబట్టి తెల్లవారుజామున బయలుదేరితే సంగమ స్నానం చేసుకుని రాత్రికి వెనక్కి వచ్చేయొచ్చు. వేణీదానం (సంగమంలో జడ కొస సమర్పించడం), పిండప్రదానం పెట్టుకున్నవాళ్లు మాత్రం అక్కడ ఒక రాత్రి ఉండండి, హడావుడిగా చేసే పనులు కావవి.

వారం ఎందుకంటే తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు, ఎర్రకోటకీ ఢిల్లీ అక్షర్‌ధామ్‌కీ సోమవారం సెలవు. బృందావనంలో బాంకే బిహారీ గుడి మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి.

ఇక అర్ధరాత్రి రైళ్లు. దీని దగ్గర మాత్రం దయచేసి నిదానంగా చదవండి, ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడే డబ్బులు పోతున్నాయి. 11వ తేదీ రాత్రి భోంచేసి స్టేషన్‌కి వెళ్లి 00.35కి రైలెక్కాలంటే టికెట్ 12వ తేదీకి తీయాలి. మన మాటల్లో అది 11 రాత్రే, రైల్వే లెక్కలో 12 వచ్చేసింది. 11కి తీస్తే మీరు స్టేషన్‌కి చేరేసరికి మీ రైలు వెళ్లిపోయి దాదాపు 24 గంటలవుతుంది. రూముకి ఇదే తిరగబడుతుంది. రైలు 12న రాత్రి ఒంటిగంటకు కాశీ చేరుతుంటే రూము 11 నుంచే బుక్ చేయాలి, 12కి చేస్తే మధ్యాహ్నం దాకా సామాన్లతో బయట కూర్చోవాలి. అయోధ్య నుంచి 23.50 రైలైతే ఆ తేదీకే, 00.10 రైలైతే మర్నాటి తేదీకి. తేడా ఇరవై నిమిషాలే, టికెట్ మీద తేదీ మాత్రం మారిపోతుంది. నా కాగితంలో ఇలాంటి రైలుకి "11 రాత్రి / టికెట్ 12" అని రెండూ రాస్తాను, మీరూ అలాగే రాయండి.

రైలు టికెట్ల బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. డిసెంబర్, జనవరిలో పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, ఆ నెలల్లో ఒకే రోజు రైలు దిగి ఇంకో రైలెక్కే ప్లాన్ వద్దు.

అభ్యాసం: కాశీ మూడు నిద్రలు, అయోధ్య ఒకటి, రైల్లో ఒకటి (00.40కి ఎక్కాలి), ఆగ్రా ఒకటి, మథుర ఒకటి, ఢిల్లీ రెండు. సోమవారం మొదలైతే ఒకసారి, మంగళవారం మొదలైతే ఒకసారి, అలా ఏడు వారాలకీ ఏడు కాగితాలు రాయండి. తాజ్ గానీ ఎర్రకోట గానీ తప్పిపోయేవి కొట్టేసి, మిగిలినవాటిలో రైలు టికెట్ తేదీకి ఎర్ర సిరాతో గీత గీసి పంపండి.