పాత చీరల బొంత కుడుతున్నారా?

అమ్మమ్మ నూలు చీరలు బీరువాలో మూలుగుతుంటే బొంత కుట్టేయండి. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఒక మనిషికి సరిపోతుంది. అలాంటివి రెండు పరిస్తే ఆరు పొరలు, మన చలికి చాలు. ముందు గంజంతా పోయేలా ఉతకండి, లేదంటే సూది దిగదు. జరీ అంచు ఒంటికి గుచ్చుకుంటుంది, కత్తిరించేయాల్సిందే. బాగా మెత్తబడ్డ చీర పైకి ఉండాలి, చెంపకు తగిలేది అదే కదా!

అసలు కిటుకు కుట్టులో ఉంది. నేల మీద బిగువుగా పరిచి, పెద్ద పెద్ద టాకాలు వేసుకుని, మధ్యలో మొదలుపెట్టి అంచులకు రండి. ముడతలు వాటంతటవే బయటికి జరుగుతాయి. ఇంట్లోవాళ్లు తలో వైపు కూర్చుంటే కబుర్లలోనే పని తెమిలిపోతుంది. పసిపిల్లల బొంతకైతే దారం ముడిని పొరల మధ్యకు లాగేయండి.