సింగపూర్–కౌలాలంపూర్: టికెట్ మీది గంటను నమ్మకండి

సింగపూర్ నుంచి కౌలాలంపూర్ సుమారు 300 కిలోమీటర్లే. విమానం గాల్లో ఉండేది గంట లోపే. రెండు ఊళ్లదీ ఒకే టైము, గడియారం మార్చే పని కూడా లేదు.

కానీ సింగపూర్ చాంగీ విమానాశ్రయానికి రెండు గంటల ముందే చేరాలి. దిగేదేమో కౌలాలంపూర్ విమానాశ్రయం (కేఎల్‌ఐఏ) ఉన్న సెపాంగ్‌లో! అక్కడి నుంచి ఊళ్లోకి 50 కిలోమీటర్ల పైమాటే. కేఎల్‌ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే ఊళ్లోని పెద్ద స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కి అరగంట. ట్యాక్సీ ఎక్కితే ట్రాఫిక్ దయ. ఇమిగ్రేషన్ క్యూ కలుపుకుంటే మొత్తం ఐదు గంటలు ఎటూ పోవు.

బస్సుకూ దాదాపు అంతే, ఐదారు గంటలు. చవక కూడా. నా ఓటు దానికే. కాకపోతే సరిహద్దులో రెండుసార్లు దిగాలి, మలేషియా వైపు పెట్టెలు కూడా మోసుకెళ్లాలి. పసిపిల్లలుంటే విమానమే నయం. శుక్రవారం సాయంత్రం మాత్రం బస్సు జోలికి పోకండి, రెండు దేశాల్నీ కలిపే వుడ్‌ల్యాండ్స్ కాజ్‌వే మీద బళ్లు కదలవు.