క్యాబేజీ నారు వాలిపోవడం ఎలా ఆగిందంటే (నా అనుభవం)

క్యాబేజీ గింజలు నాలుగైదు రోజుల్లో బాగానే మొలిచేవి. వారం తిరిగేసరికి కాడలు దారంలా సాగి, మట్టిని ఆనుకున్న చోట సన్నబడి, నల్లబడి, ఒక్కొక్కటే పక్కకు ఒరిగిపోయేవి. నారుకుళ్ళు తెగులన్నమాట. విత్తనం మార్చాను, వేపపిండి కలిపాను, శిలీంద్రనాశిని పోశాను, ఏదీ పనిచేయలేదు.

ఈసారి అడుగున చిల్లులున్న ట్రేలో కొబ్బరిపొట్టు, జల్లించిన వర్మీకంపోస్టు సగం సగం నింపాను. గింజలను అంగుళం ఎడంగా, అర అంగుళం లోతుకు మించకుండా వేసి పైన గుడ్డ కప్పాను. మొదటి మొలక తల ఎత్తిన రోజే గుడ్డ తీసేసి ట్రేని ఎండలోకి మార్చాను. ఇదివరకు ‘పాపం, ఇంకో రెండు రోజులు నీడలో ఉండనీ’ అనుకునేదాన్ని. కాడలు సాగింది అందుకే! పైనుంచి నీళ్లు చల్లడం పూర్తిగా మానేశాను. ట్రేని నీళ్ల పళ్లెంలో పెట్టి, అడుగు చిల్లుల్లోంచి తడి పైకెక్కి పైపొర రంగు ముదరగానే తీసేదాన్ని. అదీ ఉదయం పూటే, పైన వేలు పెడితే పొడిగా తగిలితేనే.

25 రోజులకు నాలుగైదు ఆకులతో, పొట్టిగా గట్టిగా నిలబడ్డాయి. ఎండ పనిచేసిందో, నీళ్ల పద్ధతో, కొత్త మిశ్రమమో విడదీసి చెప్పలేను. మూడూ ఒకేసారి మార్చాను కదా. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ఇంకా పెంచి చూడలేదు.