కరెంటు తీయకుండా భూగర్భ కేబుల్ మార్చేటప్పుడు: సమస్య - పరిష్కారం

పట్టణాల్లో 11 కేవీ కేబుళ్లను చాలాచోట్ల రింగుగా, అంటే రెండు వైపుల నుంచీ కరెంటు ఇవ్వగలిగేలా, వేస్తారు. పాత ముక్క తీసి కొత్తది వేసినన్నాళ్లూ దాని తర్వాతి ట్రాన్స్‌ఫార్మర్లకు అవతలి ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్) నుంచి బ్యాక్‌ఫీడ్, అంటే వెనక వైపు నుంచి కరెంటు, ఇస్తాం. అందరి కళ్లూ తవ్విన గోతి మీదే ఉంటాయి, దెబ్బ మాత్రం తరచూ తవ్వని వైపు నుంచే తగులుతుంది.

పగలంతా బాగుంది, రాత్రి బ్యాక్‌ఫీడ్ ఇచ్చే ఫీడర్ ట్రిప్ అయింది

కారణం: ఉదయం పదకొండింటి లోడు చూసి పని మొదలుపెట్టారు. ఏసీలు వేసే వేళకు రెండు ఫీడర్ల భారం ఒక్క కేబుల్ మీద పడింది. ఎక్స్‌ఎల్‌పీఈ (ఒకరకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్లో తీగ 90 డిగ్రీల వేడి వరకు నిరంతరం పనిచేయగలదు కానీ, చుట్టూ మట్టి ఎండిపోతే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. సాధారణంగా ముందు పోయేది రెండు ముక్కలు కలిపిన పాత జాయింటు.

పరిష్కారం: సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ తెరిచి రెండు ఫీడర్లలో ఒకే గంటకు నమోదైన ఆంపియర్లు కూడండి. ఆ మొత్తం కేబుల్ సామర్థ్యానికి దగ్గరగా ఉంటే కొన్ని డీటీఆర్‌లను (వీధి ట్రాన్స్‌ఫార్మర్లను) ముందే మూడో ఫీడర్‌కు మార్చండి. ఆస్పత్రికి, మంచినీళ్ల పంపుహౌస్‌కు జనరేటర్ పెట్టండి. వీలైతే పని చలికాలానికి జరపండి. మే నెలలో ఈ పని పెట్టుకోవడం నా దృష్టిలో తెగింపే.

ట్రిప్ అయ్యాక ముందు రిలే (తేడా పసిగట్టి ఫీడర్‌ను ట్రిప్ చేసే పరికరం) ఏం చూపిందో చూడండి: ఓవర్‌లోడా, ఎర్త్ ఫాల్టా (కరెంటు నేలలోకి పోవడమా)? ఓవర్‌హెడ్ లైన్‌కు కొమ్మ తగిలి ట్రిప్ అయితే ఒకసారి చార్జ్ చేసి, అంటే మళ్లీ కరెంటు ఇచ్చి, చూస్తాం. కేబుల్‌కు ఆ అలవాటు పనికిరాదు, చార్జ్ చేసిన ప్రతిసారీ ఫాల్టు పెద్దదవుతుంది. ఎర్త్ ఫాల్ట్ అయితే కేబుల్‌ను విడదీసి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టాల్సిందే.

1998లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. నగరం నడిబొడ్డుకు కరెంటిచ్చే నాలుగు 110 కేవీ కేబుళ్లు జనవరి 22 నుంచి ఫిబ్రవరి 20 లోపు ఒకదాని వెంట ఒకటి పోయాయి. సంక్షోభం సుమారు ఐదు వారాలు సాగింది. చివరికి తాత్కాలిక ఓవర్‌హెడ్ లైన్ వేశారు.

కొత్త కేబుల్ చార్జ్ చేశాక మోటార్లు వెనక్కి తిరుగుతున్నాయి

జాయింటులో రెండు ఫేజులు తారుమారయ్యాయి. లైన్ క్లియర్ (ఎల్‌సీ, అంటే కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని టెర్మినేషన్ (కేబుల్ కొస) దగ్గర ఆ రెండు కోర్లు (లోపలి తీగలు) మార్చండి. పంపుహౌస్‌లో ఒక్కో మోటారు వైర్లు మార్చుకుంటూ పోతే, రేపు మళ్లీ బ్యాక్‌ఫీడ్ ఇచ్చినరోజు అవన్నీ తిరగబడతాయి.

అసలు చిక్కు వేరే ఉంది. మూడు ఫేజులూ (ఆర్, వై, బీ) వరసగా ఒక్కో స్థానం జరిగితే మోటార్లు సరిగ్గానే తిరుగుతాయి, ఫేజుల వరస చూపే సీక్వెన్స్ మీటరూ బాగుందనే చెబుతుంది. ఆ నమ్మకంతో రింగు కలిపితే ఆర్ పోయి వై మీద పడుతుంది, నేరుగా షార్ట్ సర్క్యూట్. అందుకే ఆర్‌ఎంయూ (రింగులో కేబుళ్లను కలిపే స్విచ్ పెట్టె) ఇండికేటర్ సాకెట్లలో ఫేజులను పోల్చే ఫేజ్ కంపారేటర్ పెట్టి, రెండు వైపులా ఆర్‌కు ఆర్, వైకి వై, బీకి బీ సరిపోయాయని చూశాకే స్విచ్ వేయాలి.

టెస్ట్ పాసైంది, వారానికే పోయింది

కొత్త ముక్కను పాత ఎక్స్‌ఎల్‌పీఈతో కలిపి డీసీ హైపాట్ (ఎక్కువ డీసీ వోల్టేజీతో చేసే పరీక్ష) చేసి ఉంటారు. పాతబడి ముదిరిన ఇన్సులేషన్‌లో డీసీ వల్ల చార్జ్ చిక్కుకుపోయి, మామూలు ఏసీ కరెంటు ఇచ్చాక అక్కడే పగులుతుంది. 0.1 హెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ) టెస్ట్ వాడండి. వర్షంలో జాయింటు విప్పారా అనేదీ అడగండి. తేమ అంటిన జాయింటును ఏ టేపూ కాపాడదు.

గోతిలో మూడు కేబుళ్లు, మూడూ ఒకేలా ఉన్నాయి

పైన టెస్టర్ పెడితే ఏమీ చూపదు, లోపలి లోహపు స్క్రీన్ అడ్డం. కేబుల్ ఐడెంటిఫయర్ (ఏది ఏ కేబులో చెప్పే పరికరం)తో గుర్తించి, రెండు కొసలా ఎర్త్ చేసి, దూరం నుంచి పేల్చే స్పైకింగ్ గన్ (కేబుల్లోకి మేకు దింపే పరికరం)తో పొడిచాకే రంపం పెట్టండి. చేంజోవర్ స్విచ్ (లైన్‌నూ జనరేటర్‌నూ కలవనివ్వని స్విచ్) లేని దుకాణం జనరేటర్ నుంచి కూడా కరెంటు వెనక్కి వస్తుంది కాబట్టి, ఎల్‌సీ ఇచ్చారన్నా కొసల ఎర్తింగ్ మాత్రం పని ముగిసేదాకా తీయకూడదు.