మ్యాప్‌లో వేసిన రూటు చుట్టూ తిప్పుతుంటే

సంక్రాంతి ముందు బెంగళూరులోని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తారు. "అన్నా, హైదరాబాద్‌కి గూగుల్ మ్యాప్స్‌లో రూటు వేశాను. ఎక్కడెక్కడో తిప్పుతోంది."

రూటు 44వ నంబరు జాతీయ రహదారిని వదిలేసి పల్లెల్లోంచి పోతోందా? అయితే ఆప్షన్స్ తెరవండి. టోల్ రోడ్లు వద్దు, హైవేలు వద్దు అన్న గళ్లలో ఎప్పుడో పెట్టిన టిక్ అలాగే ఉండిపోయి ఉంటుంది, తీసేయండి. పైన కారు బొమ్మే ఎంచుకున్నారా, బైకుదా? అదీ చూడండి. అర నిమిషం పని. ఇది చూడకుండానే రూటంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ, ఎన్నిసార్లు చెప్పినా.

రూటు హైవే మీదే ఉంది, కానీ మధ్యలో ఆగే చోట్లు పెట్టాక దూరం పెరిగిందంటే కారణం వేరు. నన్ను బాగా ఏడిపించింది ఇదే. పెనుకొండ దగ్గర టిఫిన్‌కి ఆగుదామని మ్యాప్‌ని దూరం నుంచి చూస్తూ నీలం గీతను లాగి ఒక చుక్క పెట్టాను. ఆ దూరంలో హైవే ఒకే గీతలా కనిపిస్తుంది. నిజానికి అవి రెండు రోడ్లు, మధ్యలో డివైడర్. నా చుక్క ఎదురు రోడ్డు మీద పడింది. దాన్ని తాకాలంటే కారు ముందుకెళ్లి, యూ టర్న్ తీసుకుని, వెనక్కి వచ్చి, మళ్లీ తిరగాలి. అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని, ఫోన్ చెప్పినట్టల్లా తిరిగాను.

అందుకే ప్రతి చుక్క దగ్గరా రెండు రోడ్లూ విడివిడిగా కనిపించేదాకా జూమ్ చేయండి. మనం ఎడమ పక్కన నడుపుతాం, హైదరాబాద్ ఉత్తరాన ఉంది. కాబట్టి వెళ్లేటప్పుడు తెర మీద ఎడమ గీత మనది. చుక్క కుడి గీత మీద ఉంటే పట్టుకుని ఇటు జరపండి. దూరం తగ్గడం అప్పుడే కనిపిస్తుంది. హెబ్బాళ నుంచి ఎయిర్‌పోర్ట్ వైపు ఫ్లైఓవర్ ఉన్నచోట ఇంకా జాగ్రత్త, చుక్క కింద సర్వీస్ రోడ్డు మీద పడితే మిమ్మల్ని కిందికి దించేస్తుంది.

తిరుగు ప్రయాణానికి బాణం గుర్తు నొక్కి అదే రూటును తిప్పేస్తారు చాలామంది. వెళ్లేటప్పుడు సరిగ్గా ఉన్న చుక్కలన్నీ అప్పుడు ఎదురు రోడ్డు మీదే ఉంటాయి. మళ్లీ ఒక్కొక్కటీ చూడాల్సిందే. ఆగే చోటుకు పేరుంటే, చుక్క లాగడం కంటే ఆ పేరు టైప్ చేయడం మేలు. లాగిన చుక్కలు ఫోన్‌కి పంపేటప్పుడు నిలవకపోవచ్చు కూడా.

ధర్మవరం అని కొడితే వేరే జిల్లాకు పోతోందా? ఆ పేరుతో ఊళ్లు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, పట్టుచీరల ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోది. బ్రౌజర్ మార్చడం, కాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత డేటా) తుడవడం లాంటివి చివరికి వదిలేయండి, వాటివల్ల బాగుపడిన రూటు నేనింతవరకు చూడలేదు.