దరఖాస్తు రాయాలా? గ్రాంట్ అయిపోయిన మర్నాటి సంగతి ముందు రాయండి

నేను మారిషస్‌లో మత్స్యకారుల సంఘాలకీ మహిళా సంఘాలకీ పర్యావరణ గ్రాంట్ల దరఖాస్తులు రాసిపెడుతుంటాను. ఫిజీలోనో సీషెల్స్‌లోనో ఎన్జీవోలో చేరిన మనవాళ్లు "ఈ ఫారం ఎలా నింపాలండీ?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

ముందు ఎవరిని అడగాలో తేల్చుకోండి. వాతావరణ మార్పు పనులకి డబ్బిచ్చే పెద్ద అంతర్జాతీయ నిధులు గ్రీన్ క్లైమేట్ ఫండ్, అడాప్టేషన్ ఫండ్ ఊరి సంఘానికి నేరుగా డబ్బివ్వవు. వాళ్లు గుర్తించిన సంస్థ ద్వారానే వెళ్లాలి. ఇక్కడ మోన్ ష్వాజి, రివియేర్ దే గాలే, కాత్ర్ సేర్ తీరాల రక్షణకు వచ్చిన సుమారు 91 లక్షల డాలర్లూ అలా యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం) చేతుల మీదుగా వచ్చినవే. మీలాంటి సంఘానికి పనికొచ్చేది 1992 నుంచి నడుస్తున్న జీఈఎఫ్ (గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ అనే అంతర్జాతీయ పర్యావరణ నిధి) స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్. చాలా ఏళ్లు గరిష్ఠ పరిమితి 50,000 డాలర్లే; ఈమధ్య పెంచారు కాబట్టి తాజా ప్రకటనలో ఉన్న అంకే చూసుకోండి. వ్యక్తులకి ఇవ్వరు, సంఘానికే ఇస్తారు.

ఇక కాన్సెప్ట్ నోట్, అంటే పూర్తి దరఖాస్తుకి ముందు పంపే చిన్న ప్రతిపాదన. "సముద్రమట్టం పెరుగుతోంది" అంటూ రెండు పేజీలు నింపకండి. గ్రాంట్ ఎవరికివ్వాలో తేల్చే నేషనల్ స్టీరింగ్ కమిటీలో ఎక్కువమంది ప్రభుత్వం బయటివాళ్లే, ద్వీపంలో పుట్టిపెరిగినవాళ్లు. సముద్రం గురించి వాళ్లకి మనం చెప్పేదేముంది! డబ్బు అయిపోయాక ఈ పని ఎవరు చూస్తారన్నదే వాళ్లు వెతికేది. అది ముందు రాసి, మిగతాది దాని చుట్టూ అల్లండి.

మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ ద్వీపం సంగతే తీసుకోండి. 2012లో అక్కడ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రెండు నెలలు ఆక్టోపస్ వేట ఆపారు. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచిన స్మార్ట్‌ఫిష్ అనే మత్స్య కార్యక్రమం తోడు నిలిచింది. ఆక్టోపస్ చాలా వేగంగా బరువు పెరుగుతుంది కాబట్టి రెండు నెలలు వదిలినా తేడా కనిపిస్తుంది. కానీ ఆటు సమయంలో పగడపు దిబ్బల మీద నడుస్తూ చువ్వతో వాటిని పట్టే ఆడవాళ్లకి ఆ రెండు నెలలు గడిచేదెలా? వాళ్లకి వేరే పని చూపించి కూలి ఇచ్చారు. నా లెక్కలో ఆ నిషేధం నిలబడింది అందుకే. మీ దరఖాస్తులో కూడా "ఎవరి సంపాదన ఆగుతుంది, ఎన్నాళ్లు, బదులేమిటి" అన్న పేరా ఉండాలి. నేను చూసే చిత్తుప్రతుల్లో అదే కనబడదు.

పని పట్టికలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలమని గుర్తుంచుకోండి. మడ మొక్కలు నాటడం లాంటి నీటి పని అప్పుడు పెట్టుకుంటే ఒక్క గాలివానకే పోతుంది. ఆ నెలల్లో నర్సరీ, శిక్షణ, లెక్కలు పెట్టుకోండి. తీరం మీ సొంతం కాదు, అనుమతి పత్రం చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. అందుకే దాన్ని పట్టికలో మొదటి వరుసలో వేయండి.

బడ్జెట్ డాలర్లలో, ఖర్చు మారిషస్ రూపాయల్లో. ఏ మారకం రేటుతో లెక్కేశారో కింద రాయండి. డబ్బు విడతలవారీగా వస్తుంది, ముందు విడత లెక్క చూపితేనే తర్వాతిది. రసీదులు ఎవరి దగ్గరుంటాయో మొదటి రోజే తేల్చకపోతే చివర్లో టెన్షన్ అంతా కోశాధికారికే.

మీ వాటా కూడా అడుగుతారు. కంగారుపడకండి, నగదే కానక్కర్లేదు. శ్రమ, పడవ, నర్సరీకి ఇచ్చిన స్థలం అన్నీ లెక్కలోకొస్తాయి. 2020లో మారిషస్ తీరంలో వాకాషియో ఓడ నూనె ఒలికినప్పుడు జనం చెరకు ఆకుతో తేలే అడ్డుకట్టలు కుట్టారు, ఎవరూ కూలి అడగలేదు. అలాంటి శ్రమకి తేదీ, గంటలు, సంతకం ఉన్న రిజిస్టర్ పెట్టండి చాలు.

గ్రాంట్ ఇచ్చే కార్యక్రమం వాళ్లు ఊరు చూడ్డానికి వస్తే మీరు వెనక నిలబడండి. ఇక్కడి జనభాష క్రియోల్‌లోనైనా సరే, నర్సరీ చూసుకునే ఆవిడనే మాట్లాడనివ్వండి. మధ్యలో అందుకుని ఇంగ్లిష్‌లో చెప్పే అలవాటు మనవాళ్లకి కాస్త ఎక్కువ.